నే అంటే ఔను

పందెం చిన్నదే. సీరోస్ అనే గ్రీకు ద్వీపంలో ఎర్ముపోలి అనే ఊరుంది. ఆ ఊరి రేవు దగ్గర మొదలుపెట్టి, కొండ కొసనున్న పాత చర్చి గుమ్మం దాకా నీలిమ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడవాలి. నడిస్తే వైజాగ్ సీతమ్మధార ఫ్లాట్‌లో ఇప్పట్లాగే ఒక్కతే ఉంటుంది, తన క్లినిక్ తాను నడుపుకుంటుంది. నడవలేకపోతే ఇల్లు ఖాళీ చేసి పద్మనాభంలో అక్క ఇంటికి వచ్చెయ్యాలి.

పందెం వేసింది ఆ అక్కే, ధనలక్ష్మి.

"సెయ్యి పట్టుకున్నావంటే అయిపోయినట్టే సెల్లీ. మళ్ళీ నానలాగన్నేదు, ఇలాగన్నేదు అని మాట మార్సకు."

"నువ్వు మార్చకుండా ఉంటే చాలు" అంది నీలిమ.

నీలిమకి చిన్నప్పటి నుంచీ రేచీకటి. యాభై దాటేసరికి పగటి చూపు కూడా చుట్టూ అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి, ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టుగా మిగిలింది. ఎదుటి మనిషి మొహం చూస్తే చేతులుండవు. కాళ్ళ కింద నేల చూసుకుంటే మనిషే ఉండదు. ఆ గొట్టం ఇంకా సన్నబడుతుందని డాక్టరు దాచకుండానే చెప్పాడు. ఆమె కూడా పెద్దగా కుంగిపోలేదు. ఆమె పని మనుషుల మనసులతో. భర్తలతో పడనివాళ్ళు, నిద్రపట్టనివాళ్ళు, పరీక్షల పేరు చెబితే చెమటలు పట్టే పిల్లలు ఆమె ఎదుట కూర్చుని మాట్లాడతారు. ఆమె వింటుంది. మొహంతో ఎవరైనా అబద్ధమాడగలరు గానీ గొంతుతో ఆడలేరని ఆమె గట్టి నమ్మకం. అందుకే కళ్ళు తగ్గుతున్నా వృత్తికి లోటు రాదని ధీమాగా ఉంది.

ఈ ఊరి సంగతి ఆమెకు చెప్పింది సాయిశంకర్ అనే ఓడ ఇంజనీరు. నేల మీద నిద్రపట్టడం లేదని వచ్చేవాడు. "మేడం, ఓడ రిపేరుకని అక్కడ నెలల తరబడి పడున్నాం. అచ్చం మన వన్‌టౌనే. మనకి రేవు పక్కన మూడు కొండల మీద చర్చీ, దర్గా, వెంకన్న గుడీ ఉన్నట్టు, అక్కడ రెండు కొండల మీద రెండు చర్చిలు. మధ్యంతా మెట్లే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు మొదటిసారి నిద్రపోయే మనిషి గొంతులా అయింది. గొట్టం మూసుకుపోయేలోపు ఆ ఊరు చూడాలని నీలిమ ఆ రోజే అనుకుంది.

గుంపుతో తిరిగే టూరు వద్దనుకుంది. గుంపులో ఎప్పుడూ ఎవరో ఒకరు వెనక్కి తిరిగి ఆమె కోసం ఆగుతారు. ఆ ఆగడం ఆమెకు సరిపడదు. అందుకని తమ ఇద్దరికే ఒక గైడుని మాట్లాడుకుంది.

గైడు పేరు ఇరీని. రేవు గట్టు మీద ఎదురొచ్చి పలకరించింది. సిగరెట్లతో గరుకెక్కిన గొంతు, ఏ తొందరా లేని గొంతు. నికార్సయిన మనిషి అని నీలిమ అక్కడికక్కడే తేల్చేసింది.

రేవుకి ఆ చివర ఓడలు బాగుచేసే చోట ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ధనలక్ష్మి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"మన సిప్‌యార్డేనే ఇది! ఇంత దూరం ఇమానమెక్కి, పడవెక్కి వొచ్చి, మళ్ళీ ఇదే సూడాలేటి? ఈ మాత్తరానికి సింధియా బస్సెక్కితే సరిపోను."

"ఏమంటున్నారు మీ అక్కగారు?" అని ఇరీని ఇంగ్లీషులో అడిగింది.

"సొంత ఊళ్ళో ఉన్నట్టుందంటున్నారు" అంది నీలిమ.

ఇరీని ముందు నడిచింది. ఓడల యజమానులూ వర్తకులూ ఒకప్పుడు మేడలు కట్టుకున్న వీధులు చూపించింది. యుద్ధంలో ఇళ్ళు కాలిపోయి పక్క ద్వీపాల నుంచి పారిపోయొచ్చిన జనం ఈ ఊరు కట్టారని చెప్పింది. పెద్ద కూడలంతా పాలరాయి పరిచారు. వందల ఏళ్ళ అడుగులకి రాయి అరిగి, వానలో తడిసినట్టు మెరుస్తోంది. నీలిమ టోపీ కిందికి లాక్కుని, చూపంతా పాదాల ముందున్న రాయి మీద పెట్టి నడిచింది. అడుగు పడుతోంది. మరో అడుగు పడుతోంది. ఇరీని ఆమెకు ఒక గొంతు, ఒక జత తోలు చెప్పులు. అంతే.

దారిలో ఒక మిఠాయి కొట్టు దగ్గర ధనలక్ష్మి ఆగిపోయింది. ఇరీని ఫోను రావడంతో వీధి మలుపు దాకా వెళ్ళింది. అక్కచెల్లెళ్ళిద్దరూ లోపలికెళ్ళారు. పంచదార పొడిలో పొర్లించిన గులాబీ రంగు జిగురు ముక్కలు పెట్టెల్లో పేర్చి ఉన్నాయి.

ధనలక్ష్మి ఒక పెట్టె వైపు వేలు చూపించి, "రోజ్? రోజాపూల వాసనదేనా?" అని అడిగింది.

కొట్టాయన నవ్వుతూ "నే, నే" అన్నాడు.

"నేదంతన్నాడేటే! ఎదురుగా అంత సరుకెట్టుకొని నేదంటాడేటి?"

"లేదనలేదక్కా. నే అన్నాడు."

"మరదే కదేటి. సగం మింగీసినాడు." ధనలక్ష్మి గొంతు పెంచింది. "సరే, సుగర్ నేనిది ఉందా? సుగర్ నో? నాకు సుగరు జబ్బు, బాబూ!"

కొట్టాయన నాలుకతో చ్చ్ మని ఒక చప్పుడు చేశాడు.

"గెడ్డం ఎగరేసి ఏటేటి అంటాడు, సెప్తే ఇనడు" అంటూ ధనలక్ష్మి ఇంకా గట్టిగా, "సుగర్! నేనిది!" అని అరిచింది. మళ్ళీ చ్చ్ మంది. "సెవుడు కావాల, పాపం."

"చెవుడు కాదక్కా. నీకు షుగరుందని జాలిపడుతున్నాడు" అని నీలిమ నమ్మకంగా విడమరిచి చెప్పింది.

"ఆయన జాలి నాకెందుకు? రెండు పెట్టెలు కట్టమను. మీ బావ తింటాడు. ఇంట్లో ఒక్కడూ పప్పు కూడా ఎట్టుకోనేడు, ఇదైనా తినీమందాం."

బయటికొచ్చాక వీధి నిటారుగా పైకి లేచింది. ఇక్కడి నుంచి మెట్లున్నాయని ఇరీని చెప్పింది. "పట్టుకోవడానికి పక్కన రెయిలింగు ఉందా?" అని నీలిమ అడిగింది.

జవాబుగా చ్చ్ మన్న చప్పుడు వినిపించింది.

నీలిమ టోపీ ఇంకాస్త కిందికి లాక్కుంది. ఒక్కో మెట్టే చూసుకుంటూ ఎక్కింది. కొంత దూరం పోయాక, మాట కలపడానికన్నట్టు, "నాలాంటివాళ్ళని తీసుకొస్తుంటారా మీరు?" అంది. మళ్ళీ అదే చ్చ్. పొడిగా, పళ్ళ వెనక నుంచి.

ఆ చప్పుడు ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఎప్పుడో పద్మనాభంలో, ఎవరిదో పెళ్ళిలో కరెంటు పోయింది. మిగతా పిల్లలంతా ఆ మసక వెలుతుర్లోనే పరుగులు తీస్తుంటే, తనూ పరుగెత్తి నీళ్ళ గోళెం మీద పడింది. మోకాలు చీరుకుపోయింది. అది అంత నొప్పి పెట్టలేదు. చుట్టూ చీకట్లో ఆడవాళ్ళ నాలుకలు మొదలుపెట్టాయి. చ్చు చ్చు, రేసీకటి గుంట. చ్చు చ్చు, దీన్నెవడు సేసుకుంటాడో. ఆ చప్పుళ్ళకి మొహాల్లేవు. చీకటే నాలుక చప్పరిస్తున్నట్టు ఉండేది. తర్వాత ఆమె చదువుకుంది, పేరు తెచ్చుకుంది, తన ఇల్లు తాను కొనుక్కుంది. తన వెనక ఎవరికీ చ్చు అనడానికి సందివ్వలేదు. ఇప్పుడు సముద్రాలు దాటి వచ్చి, నికార్సయిందని తాను ముద్రవేసిన గొంతులోంచి అదే వింటోంది.

వీధి ఒక చిన్న తిన్నె దగ్గర ఆగింది. అక్కడి నుంచి పాత ఊరు మొదలు. సున్నం కొట్టిన మెట్లు, ఒకటి జానెడెత్తు, ఒకటి మూరెడెత్తు, మలుపు మలుపుకీ పిల్లులు పడుకుని ఉంటాయని ఇరీని చెప్పింది. చర్చి ఆ పైన ఉంది.

"ఇదంతా నేను ఒక్కదాన్నే ఎక్కగలనా?" అని నీలిమ అడిగింది.

చ్చ్.

"చాలు, ఆపండి" అంది నీలిమ. "దారి చూపించమన్నాను. జాలిపడమని అడగలేదు."

"జాలా?" ఇరీని గొంతులో నిజంగానే ఏమీ తెలియనితనం ఉంది. "ఎవరి మీద?"

"నా మీద. పొద్దున్నుంచీ. ఈ చప్పుడు నాకు తెలియదనుకుంటున్నారా?" నీలిమ నాలుకతో చ్చు చ్చు మనిపించింది. కోపంలో ఇంగ్లీషు జారిపోయి, "నాను గుడ్డిదాన్ని కాదు!" అని తెలుగులో అరిచేసింది.

ధనలక్ష్మి గభాల్న దగ్గరికొచ్చింది. "ఏటైందే? ఏటన్నాదిది నిన్ను?"

ఇరీని తోలు చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. "తలెత్తి నా వైపు చూడండి. నా మొహం కనిపిస్తోందా?"

నీలిమ తలెత్తింది. గొట్టం చివర మొదట ఒక చెవి పోగు, తర్వాత మచ్చలు మచ్చలుగా ఎండకి కందిన బుగ్గ, తర్వాత రెండు గోధుమరంగు కళ్ళు. ఇంతసేపు నడిచినా ఆమె మొహం చూడటం ఇదే మొదలని నీలిమకి అప్పుడు తట్టింది.

"ఇప్పుడు చూడండి" అంది ఇరీని. ఆమె కనుబొమలు లేచాయి. గడ్డం పైకి లేచింది. దానితోపాటు చ్చ్ మంది. "మా దగ్గర దీనర్థం 'కాదు'. రెయిలింగు ఉందా అన్నారు. లేదన్నాను. మీలాంటివాళ్ళు వస్తుంటారా అన్నారు. రారు, మీరే మొదటివారు అన్నాను. మాట మీ చెవిదాకా సగమే వచ్చింది. మిగతా సగం గడ్డంలో ఉంది."

"మరి ఔను అనాలంటే?"

"నే."

నీలిమకి కొట్టాయన 'నే, నే' గుర్తొచ్చింది. అక్క మోచేత్తో పొడుస్తోంది. "ఏటంతన్నాది? సెప్పవేటే?" నీలిమ చెప్పింది. ధనలక్ష్మి నోటి మీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మో! అయితే ఆ కొట్టాయన ఉన్నాయనే సెప్పినాడేటి? సెవుడన్నానే ఆయన్ని! మరి సుగరు నేనిది?"

"అది లేదనే చెప్పాడు."

"నువ్వు జాలిపడతన్నాడన్నావు కదే! గొంతింటే సాలు, కడుపులో ఉన్నదంతా తెలిసిపోద్దంటావు. పెద్ద డాకటరువి!"

ఆ దెబ్బ సరిగ్గా తగలవలసిన చోటే తగిలింది. నీలిమ ఫక్కున నవ్వింది. అక్క నవ్వింది. ఏమీ అర్థంకాకపోయినా ఇరీని కూడా దగ్గుతూ నవ్వింది. నవ్వుతూనే నీలిమ తనలోకి చూసుకుంది. అది ఆమెకు అలవాటైన పని. ఇరీని గొంతులో జాలి లేదు. కొట్టాయన గొంతులోనూ లేదు. మరి ఆమె విన్న జాలి ఎక్కడిది? పద్మనాభం నుంచి చెవుల్లో మోసుకొచ్చింది. మూడు విమానాశ్రయాల్లో తనిఖీ చేసినవాళ్ళు ఎవరూ దాన్ని పట్టుకోలేకపోయారు. ఎదురుగా కూర్చునేవాళ్ళకి ఇదే సంగతి ఎన్ని రకాలుగా విప్పి చెప్పలేదు తాను! వైద్యుడికి తన నాడి అందదంటే ఇదే కాబోలు. భయం వెయ్యలేదు. తనెదుట తనే కొత్త పేషెంటుగా వచ్చి కూర్చున్నట్టు, కాస్త కుతూహలంగా అనిపించింది. వైజాగ్ వెళ్ళాక ఎదుటివాళ్ళ కుర్చీని కిటికీ దగ్గరికి, తన చూపు అందేంత ముందుకి జరిపించాలని కూడా అనుకుంది.

ఇంకో సంగతి కూడా గమనించింది. ఆమెకు ఎవరైనా ఇలా ఉత్తి 'కాదు' చెప్పి ఎన్నేళ్ళయిందో. అందరూ 'చూద్దాం లెండి మేడం' అంటారు. 'మీకెందుకండీ శ్రమ' అంటారు. మెత్తటి దూదిలో చుట్టి ఇస్తారు. ఇరీని ఎముకలాంటి మాట అలాగే చేతిలో పెట్టింది.

"అయితే నేను ఎక్కలేనంటారు" అంది.

"ఒట్టి చేతులతో ఒక్కరే అంటే..." ఇరీని ఈసారి ఆమె చూపుకి ఎదురుగా నిలబడే గడ్డం ఎత్తి చ్చ్ మనిపించింది. "చీకటిపడితే నేనే గోడ తడుముకుంటూ ఎక్కుతాను. మా అమ్మ కర్రతో ఎక్కుతుంది. మీకు కర్ర లేదా?"

ఉంది. కంటి ఆసుపత్రిలో ఇచ్చిన మడత కర్ర, తెల్లది. ఆమె దాన్ని బీరువా మీద అట్టపెట్టెల వెనక్కి తోసేసింది. కర్ర పట్టుకుంటే ఊరంతా నాలుక చప్పరిస్తుంది. "ఇంట్లో ఉండిపోయింది" అంది.

ధనలక్ష్మికి ఇంగ్లీషు రాకపోయినా 'స్టిక్' తెలుసు, 'హోమ్' తెలుసు. భుజం నుంచి సంచీ దించింది. ఆవకాయ సీసా తీసి తిన్నె మీద పెట్టింది. మిఠాయి పెట్టెలు తీసింది. అడుగు నుంచి తువ్వాల్లో చుట్టిన పొట్టి కట్ట తీసి విదిలించింది. టక్ టక్ మని ముక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి దిగి, నిలువునా తెల్ల కర్ర అయింది.

"ఇంట్లో నేదు. నా బేగులో ఉంది."

"నా బీరువా మీద చెయ్యి పెట్టావా నువ్వు?"

"ఎట్టినాను. తెచ్చినాను. ఏటి సేత్తావ్?"

"మరి పందెం?"

"సెయ్యి పట్టుకోకూడదన్నాను గానీ కర్రన్నేదు కదేటి. నా మాట మీద నానుంటాను."

"అక్కా, ఓడిపోతావు."

"ముందెక్కు, సూద్దాం. ఆ మెట్లు సూత్తే నాకే గుండె దడదడలాడతన్నాది."

మొదటి మెట్టు మీద కర్ర కొస ఠక్కుమంది. రెండోదాని అంచు కర్రే ముందు చెప్పింది, తర్వాత కాలు నమ్మింది. పదడుగులు ఎక్కేసరికి నీలిమకి ఒక సుఖం తెలిసింది. నేల చూసే పని కర్రది. ఇప్పుడు కళ్ళు ఖాళీ అయ్యాయి. ఆమె తలెత్తింది. ఎన్నేళ్ళుగానో ఆమె ఏ వీధిలోనూ తలెత్తి నడవలేదు. నీలం తలుపు కనిపించింది. దాని మీద, తలుపు తట్టడానికి బిగించిన ఇత్తడి చెయ్యి. పై అంతస్తులో ఆరేసిన పిల్లల బనీన్లు. ఒక పిల్లి కర్రని వాసన చూసి, విసుగ్గా లేచి, రెండు మెట్లు పైకి మారి మళ్ళీ పడుకుంది. ఇరీని ముందు నడుస్తూ ఇప్పుడు ఎవరి చరిత్రా చెప్పడం లేదు. మలుపు వచ్చినప్పుడు మాత్రం "ఎడమకి" అంటోంది.

సగం దారిలో వెనక నుంచి ఆయాసం వినిపించింది.

"ఓలే ఆగవే! నా మోకాళ్ళు పట్టీసినాయి."

నీలిమ ఆగింది. ధనలక్ష్మి వచ్చి చెల్లెలి మోచెయ్యి పట్టుకుని బరువంతా వేసింది. "ఇది నెక్కలోకి రాదు. నువ్వు నన్ను పట్టుకోనేదు, నాను నిన్ను పట్టుకున్నాను."

"రూల్సన్నీ నువ్వే రాస్తున్నావు."

"పందెం నాది కదేటి."

అలా ఎక్కారు. చర్చి గుమ్మం ముందు కట్టిన చిన్న గోడ కర్రకి తగిలింది. గాలి ఒక్కసారిగా మొహమంతా కొట్టింది. కింద ఉన్నదంతా ఒకేసారి చూడటం నీలిమకి కుదరదు. అందుకని ఒక్కొక్కటే ఏరుకుంది. రేవులో దిమ్మల మీద నిలబెట్టిన ఓడ. దాని పొట్ట మీద ఎర్ర రంగు. అక్కడి నుంచి చూపుని మెల్లగా ఎత్తితే ఇళ్ళ మీద ఇళ్ళు. ఆ పైన ఎదుటి కొండ మీద రెండో చర్చి, నీలి గోపురం. సాయిశంకర్ నిజమే చెప్పాడు. మూడోది ఒక్కటే తక్కువ.

"ఓడిపోయినాన్లే" అంది పక్కనుంచి ధనలక్ష్మి. కొంగుతో మొహం తుడుచుకున్న చప్పుడైంది. "నువ్వొత్తే ఇంట్లో మాటకి మనిసుంటాదనుకున్నాను. మీ బావ పొలం మడిసెక్కలకెల్లిపోతే సాయంత్రం దాకా నానూ గోడలూ."

నీలిమకి ఆ గొంతులో ఏముందో తెలిసిపోయింది. అయినా తెలిసినదాన్ని నమ్మకుండా, తల తిప్పి అక్క మొహాన్ని గొట్టంలోకి తెచ్చుకుంది. నుదురు, చెమటకి కరిగిన బొట్టు, కింది పెదవి. చెవి చెప్పినదే. కాకపోతే చెవి చెప్పనిది ఇంకొకటి ఉంది. అక్క నవ్వుతోంది కూడా.

"ఆదివారాలు వస్తాను. మద్దిలపాలెంలో బస్సెక్కి, నేనే వస్తాను."

"నిజంగానా?"

"నే."

"నే అంటే ఔనా, నేదా? నువ్వు కూడా మొదలెట్టీసినావేటి?"

వైజాగ్ వచ్చిన మొదటి ఆదివారం నీలిమ మద్దిలపాలెం కూడలిలో రోడ్డు దాటడానికి నిలబడింది. చేతిలో కర్ర. ఆటోలు, బస్సులు, బండ్ల హారన్లు. అవతల డిపో. ఆమె అనుకున్నట్టే పక్కనుంచి వచ్చింది. చ్చు చ్చు. "అయ్యో పాపం. రండమ్మా, నాను దాటించీసత్తాను" అంటూ ఒక మగచెయ్యి ఆమె మోచెయ్యి అందుకుంది.

నీలిమ అతని వైపు తిరిగింది. మొహం దొరికేదాకా చూపు జరిపింది. నల్ల మీసం, మంచి కళ్ళు. ఆమె కనుబొమలు ఎత్తి, గడ్డం పైకి ఎగరేసి, పళ్ళ వెనక నుంచి పొడిగా చ్చ్ మనిపించింది.

అతను కంగారుగా చెయ్యి వదిలేసి, తన చొక్కా వైపు, చెప్పుల వైపు చూసుకున్నాడు.

"ఏటమ్మా? నాకేటైంది?"

సిగ్నల్ పడింది. బండ్లు ఆగిన చప్పుడు విని నీలిమ కర్ర ముందుకి చాపింది. నవ్వుకుంటూ రోడ్డు దాటేసింది.